కావడిలోని తీపి: వియత్నాం చిరుతిండ్ల చరిత్ర

వియత్నాం నగరములలో వీధివర్తకమునకు పాత గుర్తు కావడి. వెదురుబద్దకు ఇరువైపుల రెండు తట్టలు. ఒకదానిలో వేడి కుండ, రెండవదానిలో గిన్నెలు, చెంచాలు. మోయువారు చాలవరకు స్త్రీలే. ఆ కుండలో తరచుగా నుండునది "చె" అను తీపి వంటకము. పెసలు, నల్ల అలసందలు, తామరగింజలు మొదలగువానిని చక్కెరపాకములో ఉడికింతురు. దక్షిణాదిని కొబ్బరిపాలు చేర్తురు. మన పాయసమునకు ఇది దగ్గరి చుట్టమే. కాని ఆవుపాలకు ఇందు చోటులేదు.

1802 మొదలు 1945 వరకు న్యూయెన్ వంశపు రాజధానియైన హ్యూ నగరమున ఈ వంటకము మిక్కిలి నాజూకును సంతరించుకొనెను. లాంగన్ పండులోని గింజను తీసి, ఆ చోట తామరగింజ నుంచి పాకములో వేయుట అచ్చటి ప్రత్యేకత.

పల్లెవారి తీపి ఇంకను సరళము. చాంద్రమానమున మూడవ నెల మూడవ దినమున ఉత్తరాది యిండ్లలో "బాన్ చోయ్" చేసి పితరులకు నివేదింతురు. జిగురుబియ్యపు పిండిని ఉండలుగా చేసి, నడుమ బెల్లపుముక్క నుంచి, మరుగు నీట వేయుదురు. ఉడికిన ఉండ పైకి తేలును. ఈ పండుగకు మూలము చైనాలోని "చల్లని భోజనము" అను ఆచారము. ఆనాడు అచ్చట పొయ్యి ముట్టింపరాదు. వియత్నాంవారు ఆ నిషేధమును విడిచి, పండుగను మాత్రము నిలుపుకొనిరి. 18వ శతాబ్దపు చివర వెలసిన కవయిత్రి హో స్వాన్ హువాంగ్ ఈ ఉండనే వస్తువుగా గైకొని స్త్రీ జీవితమును గూర్చి పద్యము చెప్పెను.

ఇట్టి తీపికి ఆధారము బియ్యము. 1944-45లో ఉత్తర వియత్నాంలో ఆ ఆధారమే కూలెను. జపాను సైన్యపు ఆక్రమణలో, ఫ్రెంచి పాలనలో, ధాన్యమును బలవంతముగా సేకరించిరి. కొన్ని వరిపొలములలో జనపనార వేయించిరి. బాంబుదాడులవలన దక్షిణపు బియ్యము ఉత్తరమునకు చేరు దారులు తెగెను. వరదలును తోడయ్యెను. మృతులు 4 లక్షలు మొదలు 20 లక్షల వరకు ఉందురని చరిత్రకారుల అంచనాలు. పితరులకు పెట్టు ఉండ మాట యటుండ, బిడ్డకు పోయు గంజియు కరవైన కాలమది.

మరుసటి సంవత్సరము, 1946లో, హానోయ్‌లో పాలు దొరకుట అరుదయ్యెను. న్యూయెన్ వాన్ జాంగ్ అను నాతడు గ్రుడ్డు పచ్చసొనను చక్కెరతో గిలకొట్టి కాఫీపై వేసెను. కాఫీ ఫ్రెంచివారు 19వ శతాబ్దమున తెచ్చినది. ఈ యుపాయము మాత్రము హానోయ్ వారిది. కొరత తీరిన తరువాతను ఆ పానీయము నిలిచినది.

1975లో యుద్ధము ముగిసిన పిదపను కొంతకాలము బియ్యము, చక్కెర కూపన్లపైననే లభించెను. 1986లో ఆర్థిక సంస్కరణలు ఆరంభమయ్యెను. 1989 నాటికి ఆ దేశము బియ్యమును పెద్దయెత్తున ఎగుమతి చేయసాగెను. యుద్ధానంతరము పడవలెక్కి దేశము వీడినవారును తమ చె వంటకమును మరువలేదు. కాలిఫోర్నియాలోని వారి అంగళ్ళలో నేడును అది దొరకును.

ఇప్పుడు ఆ వీధులలో చెరకురసమున చిన్న నారింజకాయ పులుపు కలిపి యిత్తురు. డ్రాగన్ పండ్లు, రంబుటాన్లు రాశులుగా పోసి అమ్ముదురు. మూడవ నెల మూడవ దినమున మరల బియ్యపుండలు నీట తేలును. బియ్యము లేని యేడును చూచినవారి బిడ్డలు, మనుమలు వానిని ముందుగా పితరుల యెదుట నుంచి, పిమ్మట తాము తిందురు.