డాక్టరు తయారవ్వాల్సింది పెద్దాస్పత్రి వార్డులోనేనా?



మన గ్రూపులో "పీహెచ్‌సీలో డాక్టరు ఉండట్లేదు" అనే పోస్టు రాని నెల లేదు. రోడ్డు లేదు, క్వార్టర్స్ లేవు, పోస్టు భర్తీ కాలేదు అని కారణాలు రాసుకుంటాం. అవన్నీ నిజాలే. కానీ మనం తక్కువ మాట్లాడుకునే కారణం ఇంకొకటుంది. ఆ డాక్టరు చదివిన ఐదున్నరేళ్ళలో మనలాంటి ఊళ్ళో కూర్చుని వైద్యం చేయడం ఎన్ని రోజులు నేర్చుకున్నాడు? ఈ ప్రశ్న బయటి దేశాల్లో డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటే లేచింది. ఆ చరిత్ర మనకి పనికొస్తుందని రాస్తున్నాం. కొంచెం ఓపికగా చదవండి.

బ్రిటన్‌లో 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలైంది. అక్కడ ప్రతి కుటుంబానికీ దగ్గర్లో ఒక డాక్టరుంటాడు. జ్వరమైనా, గర్భమైనా, గుండె నొప్పైనా ముందు ఆయన దగ్గరికే. అవసరమైతే ఆయనే చీటీ రాసి పెద్దాస్పత్రికి పంపుతాడు. దీన్నే జనరల్ ప్రాక్టీస్ అంటారు. విచిత్రం ఏంటంటే, ఇంత పెద్ద పనికి అప్పట్లో విడిగా శిక్షణే తప్పనిసరి కాదు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉంటే బోర్డు పెట్టుకోవచ్చు. 1950లో జోసెఫ్ కాలింగ్స్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఇంగ్లండ్‌లో ఇలాంటి క్లినిక్కులు తిరిగి చూసి, చాలా చోట్ల గదులు, పరికరాలు, రోగిని చూసే తీరు అధ్వానంగా ఉన్నాయని లాన్సెట్ పత్రికలో రాశాడు. పెద్ద దుమారం లేచింది. 1952లో ఆ డాక్టర్లే తమకంటూ ఒక కాలేజీ సంస్థ పెట్టుకున్నారు.

అంతకు ముందే 1948లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో రిచర్డ్ స్కాట్ అనే డాక్టరు, మామూలు క్లినిక్‌లోనే విద్యార్థులకి పాఠం చెప్పే విభాగం మొదలుపెట్టాడు. 1963లో ఆయన ప్రపంచంలోనే మొదటి జనరల్ ప్రాక్టీస్ ప్రొఫెసర్ అయ్యాడు. ఎడిన్‌బరోలో వైద్య విభాగం పుట్టింది 1726లో. అంటే కుటుంబ డాక్టరు పనికి ఒక ప్రొఫెసర్ కుర్చీ రావడానికి 237 ఏళ్ళు పట్టింది!

ఈ శిక్షణ ఎందుకు కావాలో చెప్పే లెక్క 1961లో వచ్చింది. కెర్ వైట్, ఆయన తోటివాళ్ళు అమెరికా, బ్రిటన్ వివరాలు కలిపి చూశారు. వెయ్యి మంది పెద్దవాళ్ళలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత ఉంటుంది. 250 మంది డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆస్పత్రిలో చేరేది 9 మంది. వైద్య కళాశాల ఆస్పత్రి దాకా చేరేది ఒక్కరు. వైద్య విద్యార్థి చదువంతా ఆ ఒక్కరి మంచం పక్కనే సాగుతుంది. మిగతా 249 మంది ఎలా ఉంటారో అతనికి తెలీదు. మన ఊళ్ళోకి వచ్చిన కొత్త డాక్టరు ప్రతి కేసునీ "రిఫర్" అని రాసేస్తే మనకి కోపం వస్తుంది. ఆ రాతలో అతని చదువు తప్పు కూడా ఉంది.

మరి క్లినిక్‌లో ఎలా నేర్పుతారు? మొదట విద్యార్థి పక్కన కూర్చుని చూస్తాడు. తర్వాత రోగిని అడిగి, ఆమె సరే అంటేనే, తాను ముందు మాట్లాడి పరీక్ష చేస్తాడు. ఆ వెంటనే పెద్ద డాక్టరు వచ్చి మళ్ళీ చూస్తాడు. రోగి వెళ్ళాక ఇద్దరూ కూర్చుని ఏం వదిలేశాం, ఏం సరిగ్గా అడిగాం అని మాట్లాడుకుంటారు. ఇళ్ళకీ వెళ్తారు. ఇంట్లో పొయ్యి ఎక్కడుంది, నీళ్ళు ఎక్కడివి అన్నది వార్డులో కనపడదు కదా. బ్రిటన్‌లో 1976లో దీనికి చట్టం చేశారు. 1982 నుంచి కొత్తగా కుటుంబ డాక్టరు కావాలంటే డిగ్రీ తర్వాత మూడేళ్ళ శిక్షణ తప్పనిసరి అయ్యింది. అందులో కొంత కాలం ఆస్పత్రిలో, కొంత కాలం క్లినిక్‌లో.

వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గు గని ఊళ్ళో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు దశాబ్దాలు పనిచేశాడు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని 1971లో రాశాడు. మన ఏజెన్సీని చూడకుండానే మన గురించి రాసినట్టుంటుంది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ 1997 నుంచి కొందరు విద్యార్థుల్ని ఏడాది మొత్తం పల్లె క్లినిక్కుల్లో ఉంచి చదివించింది. పరీక్షల్లో వాళ్ళు సిటీ ఆస్పత్రి వాళ్ళకి ఏమీ తీసిపోలేదు.

ఇక మన దేశం. 1946లో భోర్ కమిటీ నాటికి దేశంలో సుమారు 47 వేల మంది డాక్టర్లు. అందులో దాదాపు 30 వేల మంది డిగ్రీ లేని లైసెన్షియేట్లు, అంటే తక్కువ కాలం చదివిన వాళ్ళు. మన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ కూడా 1923కి ముందు అలాంటి మెడికల్ స్కూలే. ఇక ఒకే రకం "బేసిక్ డాక్టర్" చాలని కమిటీ చెప్పింది. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు, పల్లెలకి డాక్టర్లు సరిపోరన్నారు. చివరికి ఎంబీబీఎస్ ఒక్కటే నిలిచింది. 1977లో ప్రతి మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల బాధ్యత తీసుకోవాలనే పథకం వచ్చింది, కానీ చాలా చోట్ల నిలబడలేదు. ఈ మధ్య విద్యార్థులు కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకోవాలనే నిబంధన పెట్టారు. మంచిదే. కానీ వెళ్ళి ఫారం నింపుకొని రావడం శిక్షణ కాదు. పక్కన నేర్పే మనిషి ఉండాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. మన ఊళ్ళకి విద్యార్థులు వస్తే చాలు అని మేము అనట్లేదు. మన ఒంటి మీద నేర్చుకుని సిటీకి పోయే పద్ధతి మనకొద్దు. అనుభవమున్న డాక్టరు పీహెచ్‌సీలో ఉండి నేర్పాలి. రోగిని అడగాలి. కోయ, కువి, సవర మాటలు కనీసం నొప్పి అడిగేంత అయినా నేర్చుకోవాలి. అప్పుడే అక్కడి వైద్యం బాగుపడుతుంది, వచ్చిన వాళ్ళలో కొందరికైనా ఉండాలనిపిస్తుంది.

మనలో నీట్ రాసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. నర్సింగ్ చదివే అక్కలున్నారు. అందరూ ఒక పని చేయండి. మీ మండలం పీహెచ్‌సీకి హౌస్ సర్జన్లు వస్తున్నారా, ఎన్ని రోజులుంటున్నారు, వాళ్ళకి ఎవరు నేర్పుతున్నారు అని అడిగి కింద రాయండి. అన్నీ కలిపి ఐటీడీఏ పీఓ గారికి వినతి పత్రం రాద్దాం.

జై ఆదివాసీ.