పక్క ప్లాట్‌లో ప్లాన్ మారితే: జోన్ మార్పు, డీవియేషన్, పెనాల్టీ.. ఏది ఏంటి?

గల్లీలో పాత ఇల్లు కూలగొట్టి కొత్తగా పిల్లర్లు లేస్తుంటే చుట్టుపక్కల వాళ్లకి వచ్చే అనుమానం ఒకటే. ఎన్ని అంతస్తులు వేస్తున్నారు, మన గోడకి ఎంత దూరం వదులుతున్నారు? అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. "పర్మిషన్ ఉంది భాయ్, ఎక్కువ కట్టిందానికి పెనాల్టీ కట్టేస్తాం." ఈ రెండో మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. పెనాల్టీ కడితే పర్మిషన్ వచ్చినట్టే అనుకుంటారు. అలా కాదు. హైదరాబాద్‌లో ఒక ప్లాట్‌కి ఉన్న నిబంధన నుంచి సడలింపు ఎన్ని రకాలుగా వస్తుంది, ఎవరు ఇస్తారు, పక్కింటివాళ్లు ఏ దశలో నోరు విప్పొచ్చు అనేది తెలిసి ఉంటే కనీసం ఎక్కడికి వెళ్లాలో అర్థమవుతుంది.

మొదట పేర్లు. జనం అన్నింటినీ కలిపి "రూల్ బ్రేక్ చేశాడు" అంటారు గానీ లోపల మూడు వేరే వేరే వ్యవహారాలు ఉన్నాయి. ఒకటి, జాగా ఏ పనికి అని మాస్టర్ ప్లాన్‌లో రాసి ఉందో దాన్నే మార్చడం. దీన్ని ల్యాండ్ యూజ్ మార్పు అంటారు. రెండోది, మంజూరైన ప్లాన్‌కి విరుద్ధంగా కట్టడం, అంటే డీవియేషన్. మూడోది, ఇల్లు అని ప్లాన్ తీసుకుని గోదామో వర్క్‌షాపో నడపడం. ఈ మూడింటికీ దారి ఒకటి కాదు, గడువూ ఒకటి కాదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు దీన్ని "వేరియన్స్" అంటారు. అక్కడ చాలా ఊళ్లలో జోనింగ్ బోర్డు ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, చుట్టుపక్కల ఇళ్లకి లెటర్ పోతుంది, బహిరంగ విచారణలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. తన జాగాకే ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఏంటో దరఖాస్తుదారు చూపించాలి. మన దగ్గర సెట్‌బ్యాక్ విషయంలో పక్కింటికి లెటర్ రాదు. వాళ్లకి విషయం తెలిసేది సాధారణంగా స్లాబ్ పడ్డాకే.

గజాల లెక్క

హైదరాబాద్‌లో ఏ బిల్డింగ్‌కైనా మూలం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ బిల్డింగ్ రూల్స్ తర్వాత కొన్ని సవరణలతో తెలంగాణలో నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119తో వేరే రూల్స్ వచ్చాయి కాబట్టి విజయవాడ, గుంటూరు వాళ్లు కింద చెప్పే అంకెల్ని తమకి అన్వయించుకోవద్దు.

ప్లాట్ సైజు, రోడ్డు వెడల్పు, బిల్డింగ్ ఎత్తు.. ఈ మూడింటిని బట్టి సెట్‌బ్యాక్ ఉంటుంది. 50 చదరపు మీటర్ల లోపు చిన్న ప్లాట్‌లో ముందు వైపు 1.5 మీటర్లు వదిలితే చాలు, పక్కలకి అక్కర్లేదు. పాతబస్తీలో అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లు చాలావరకు ఇంత చిన్నవే. 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాట్ అయితే, మామూలు గల్లీ రోడ్డు మీద ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటర్ చొప్పున వదలాలి.

నేను చదివింది కామర్స్ కాబట్టి ఇది కాగితం మీద వేసి చూశాను. 25 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు ఉన్న 150 గజాల ప్లాట్ అనుకోండి. రూల్ ప్రకారం నాలుగు వైపులా వదిలితే ఒక్కో అంతస్తులో కట్టుకోగలిగేది సుమారు 845 చదరపు అడుగులు. గోడ నుంచి గోడకి కట్టేస్తే 1,350. తేడా 500 చదరపు అడుగులకు పైనే. మూడు అంతస్తులకి లెక్కేస్తే 1,500. అంటే బిల్డర్‌కి ఒక పెద్ద ఫ్లాట్ ఊరికే వచ్చినట్టు. లాభం అతని ఖాతాలో జమ అవుతుంది, ఖర్చు మాత్రం పక్కింటి ఖాతాలో పడుతుంది. కిటికీకి గాలి ఉండదు, వానాకాలం గోడకి చెమ్మ, ఇంట్లో పగలు కూడా లైటు. ఆ మీటర్ జాగా కట్టినవాడిదే అయినా పక్కవాళ్ల ఊపిరి కూడా దాని మీదే ఉంది.

మరి రూల్స్‌లో సడలింపు అసలు లేదా అంటే ఉంది. కొంచెమే. ముందు వైపు తప్ప మిగతా వైపుల్లో సెట్‌బ్యాక్‌లో 10 శాతం వరకు తేడా వస్తే ఫీజు తీసుకుని ఒప్పుకునే వీలుంది. మీటర్‌లో 10 శాతం అంటే 10 సెంటీమీటర్లు, జానెడులో సగం కూడా కాదు. మేస్త్రీ చేతిలో జరిగే పొరపాటుకి ఇచ్చిన వెసులుబాటు అది. మొత్తం మీటర్ మింగినవాళ్లు దీన్ని చూపించి "పది పర్సెంట్ రూల్ ఉంది కదా" అంటే నమ్మొద్దు.

ఇంకో సడలింపు నిజంగా న్యాయమైనది. రోడ్డు వెడల్పు కోసం సొంత జాగాని నష్టపరిహారం తీసుకోకుండా వదిలినవాళ్లకి మిగిలిన ప్లాట్‌లో సెట్‌బ్యాక్ తగ్గించుకునే అవకాశం గానీ, టీడీఆర్ పత్రం గానీ ఇస్తారు. టీడీఆర్ అంటే ఇక్కడ పోగొట్టుకున్న కట్టుబడి హక్కుని వేరే చోట వాడుకోవడం, లేదా ఎవరికైనా అమ్ముకోవడం. రోడ్డు కటింగ్‌లో ఇల్లు పోయేవాళ్లు సంతకం పెట్టేముందు ఈ రెండింటి గురించి అడిగి తెలుసుకోవాలి.

పెనాల్టీ రసీదు పర్మిషన్ కాదు

మునిసిపాలిటీ ఆస్తి పన్నులో పెనాల్టీ వేస్తుంది. అనుమతి ఉన్న అంతస్తుల్లో 10 శాతం లోపు డీవియేషన్‌కి పన్ను మీద 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకి గానీ అసలు ప్లానే లేని ఇంటికి గానీ 100 శాతం. ఈ రసీదు చూపించే చాలామంది "లీగల్ అయిపోయింది" అంటుంటారు. అది ఏటా కట్టే అదనపు పన్ను మాత్రమే. కట్టినంత మాత్రాన ఆ కట్టడం క్రమబద్ధం అయినట్టు కాదు, చర్య తీసుకునే అధికారమూ పోదు.

నిజంగా క్రమబద్ధం చేసే స్కీములు వేరు. 2007 డిసెంబర్ 31న జీవో 901తో బీపీఎస్ వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015 నవంబర్‌లో బీఆర్‌ఎస్ తెచ్చారు (పార్టీ కాదు, బిల్డింగుల స్కీము. పార్టీకి ఆ పేరు తర్వాత వచ్చింది). 2015 స్కీము మీద కేసు హైకోర్టుకు వెళ్లడంతో దరఖాస్తులు ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడ్డాయి. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లకి సంబంధించింది. ఎల్‌ఆర్‌ఎస్ కట్టాం కాబట్టి ఇల్లు కూడా క్రమబద్ధమైంది అనుకునేవాళ్లు ఉన్నారు. ప్లాట్ వేరు, ఇల్లు వేరు.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో పర్మిషన్ పద్ధతి మారింది. 75 గజాల లోపు ప్లాట్‌లో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు ఉన్న ఇంటికి యజమాని సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. దానికి మించితే 21 రోజుల్లో సింగిల్ విండో. సామాన్యుడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కానీ ముందుగా ఎవరూ వచ్చి చూడటం తగ్గింది కాబట్టి, రాసిచ్చిన దానికీ కట్టే దానికీ తేడా ఉంటే మొదట కనిపించేది పక్కింటివాళ్లకే.

ఇల్లు అని రాసి గోదాము

మూడో రకం గురించి నాకు ఎక్కువ భయం. నివాస ప్రాంతంలో కిరాణా కొట్టు, డాక్టర్ క్లినిక్ లాంటివి నిబంధనల మేరకు ఒప్పుకుంటారు, అందులో గొడవ లేదు. పార్కింగ్ కోసం వదిలిన కింది అంతస్తులో రసాయనాలు పెడితే? 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అదే అయింది. అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉన్న రసాయన డ్రమ్ములకి మంటలు అంటుకుని 9 మంది చనిపోయారు. వాళ్లు పైన కాపురం ఉన్నవాళ్లు. అంతకుముందు 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో మంటలొచ్చి 8 మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది. అక్కడ కింద నగల దుకాణాలు, వెనకా పైనా ఇల్లు, లోపలికి వెళ్లే దారి ఇరుకు. అందులో 8 మంది పిల్లలు.

ఈ మూడు ఘటనలూ ఒకటే కారణంతో జరిగాయని చెప్పను. కానీ ఫైరింజన్ లోపలికి రాగలదా, రెండో దారి ఉందా, కింద ఏం నిల్వ పెట్టారు అన్న ప్రశ్నలు మూడింటి దగ్గరా వచ్చాయి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎవరికైనా అద్దెకి ఇచ్చారంటే, అక్కడ ఏం పెట్టారో దిగి చూసి రావడం తప్పు కాదు.

జోన్ మారేటప్పుడు గడువు చిన్నది

ల్యాండ్ యూజ్ మార్పు పెద్ద వ్యవహారం. పాత ఎంసీహెచ్ పరిధికి 2010లో, దాని చుట్టూ ఉన్న విస్తరిత ప్రాంతానికి 2013 జనవరిలో మాస్టర్ ప్లాన్లు నోటిఫై అయ్యాయి. రెండోదాన్నే మాస్టర్ ప్లాన్-2031 అంటారు. నివాసం, వాణిజ్యం, తయారీ, మిశ్రమ వినియోగం, వినోదం, పరిరక్షణ.. ఇలా ప్రతి సర్వే నంబర్‌కీ ఒక రంగు ఉంటుంది. ఆ రంగు మార్చాలంటే మునిసిపల్ సర్కిల్ ఆఫీసుకి అధికారం లేదు. దరఖాస్తు హెచ్‌ఎండీఏకి వెళ్తుంది, అభ్యంతరాలు పిలుస్తారు, చివరికి ప్రభుత్వం జీవో ఇస్తుంది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల మీద 1996లో పెట్టిన జీవో 111 ఆంక్షల్ని 2022 ఏప్రిల్ 12న జీవో 69తో షరతుల మీద ఎత్తేసిందీ ప్రభుత్వమే.

అభ్యంతరాల ప్రకటన పేపర్‌లో లోపలి పేజీలో చిన్న అక్షరాలతో పడుతుంది. సాధారణంగా 15 రోజుల గడువు ఉంటుంది. మీ ఇంటికి వచ్చే పేపర్‌లో అది పడకపోవచ్చు. అందుకే బస్తీ కమిటీలో ఒకరైనా హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. అభ్యంతరం రాసేటప్పుడు "మాకు ఇష్టం లేదు" అంటే పని జరగదు. రోడ్డు ఎన్ని అడుగులు ఉంది, డ్రైనేజీ లైన్ ఎప్పటిది, స్కూల్ ఎంత దూరం, వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి.. ఇవి రాయాలి. సర్వే నంబర్, ప్రకటన తేదీ వేసి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోవాలి. గడువు దాటాక వచ్చిన వంద సంతకాల కంటే లోపల ఇచ్చిన ఒక్క కాగితం విలువైనది.

డీవియేషన్ మీద ఫిర్యాదు అయితే టౌన్ ప్లానింగ్ విభాగానికి, రాతపూర్వకంగా, ఫొటోల మీద తేదీ వేసి. మంజూరైన ప్లాన్ కాపీ కోసం 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ లోపు పని ఆగదు కాబట్టి ఫిర్యాదూ ఆర్టీఐ రెండూ ఒకే రోజు ఇవ్వడం మంచిది. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. కట్టే చోట ఆమోదించిన ప్లాన్ ప్రదర్శించాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వాలి, బ్యాంకులు కూడా అది చూసుకునే లోన్ ఇవ్వాలి అని అందులో ఉంది. సైట్ దగ్గర ప్లాన్ బోర్డు లేకపోతే ఆ మాటే ఫిర్యాదులో మొదటి లైన్‌గా రాయొచ్చు.

అవతలి వైపు కూడా చూడాలి. నోటీసు వచ్చింది మీకే అయితే కంగారుపడి దళారి దగ్గరికి పరుగెత్తొద్దు. 2024 నవంబర్ 13న అదే సుప్రీంకోర్టు, కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, జవాబు వినాలని చెప్పింది. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి పబ్లిక్ జాగాల్లో కట్టినవాటికి, కోర్టు ఆర్డర్ ఉన్నవాటికి ఈ రక్షణ లేదు. నోటీసుకి గడువులోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోవడమే చాలామంది చేసే తప్పు.

ఫ్లాట్ కొనేవాళ్లకి ఒక సంగతి. అపార్ట్‌మెంట్ ప్లాన్ మంజూరు చేసేటప్పుడు కట్టుబడిలో 10 శాతం భాగాన్ని బిల్డర్ మునిసిపాలిటీకి తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. డీవియేషన్ ఎక్కువైతే సర్టిఫికెట్ రాదు, తనఖా అలాగే ఉండిపోతుంది. ధర కాస్త తక్కువ చెప్పి అంటగట్టే ఫ్లాట్ ఒక్కోసారి ఆ తనఖాలో ఉన్నదే అయి ఉంటుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే అందులో కనిపిస్తుంది.