అర మిల్లీమీటరు ఆస్తి

"గడ్డం ఇక్కడ పెట్టండి మేడమ్. నుదురు పైపట్టీకి ఆనించండి. కదలొద్దు."

చల్లటి ప్లాస్టిక్ గడ్డానికి తగులుతుంది. స్పిరిట్ దూదితో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. గదిలో దీపాలు ఆరిపోతాయి. యంత్రం లోపల సన్నటి నీలి వెలుగు గీత, దాని నడుమ ఒక చుక్క. "ఆ చుక్కనే చూడండి. ఒకసారి రెప్ప వేసి పెద్దగా తెరవండి. అలాగే ఉంచండి." గీత గుండ్రంగా తిరుగుతుంది. రెండు సెకన్లు. కన్ను నీళ్ళు పెట్టుకునేలోపే మీ నల్లగుడ్డు మ్యాపు తయారైపోయింది.

హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రి, శనివారం ఉదయం. బయట హాల్లో కుర్చీ ఖాళీ లేదు. వారమంతా స్క్రీన్ల ముందు ఉండేవాళ్ళకి తీరిక దొరికేది ఇవాళే. మీకు ఇరవై ఐదేళ్ళు, రెండు కళ్ళకీ మైనస్ ఐదు సైటు. అద్దాలు తీస్తే ముఖానికి 20 సెంటీమీటర్ల దాకానే లోకం. ఆపైన అంతా మసక. ఏడో తరగతి నుంచీ కళ్ళద్దాలు. ఇంజినీరింగ్‌లో చేరాక కాంటాక్ట్ లెన్సులు. రెండు వారాలుగా అవీ లేవు. స్కాన్‌కి ముందు మానెయ్యమని ఫోన్‌లోనే చెప్పారు. రోజూ లెన్సు ఆనుకుని ఉండే నల్లగుడ్డు కొద్దిగా దాని ఆకారానికి ఒదిగిపోతుంది. వెంటనే కొలిస్తే యంత్రం చూపేది ఆ ఒదుగునే, మీ కంటిని కాదు. అందుకే గీతలు పడిన పాత కళ్ళద్దాలు సొరుగులోంచి తీసి పెట్టుకొచ్చారు.

టెక్నీషియన్ మానిటర్ మీ వైపు తిప్పుతాడు. రెండు గుండ్రటి బొమ్మలు, ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులు. ఎక్కువ వంపు ఉన్నచోట ఎరుపు, తక్కువ ఉన్నచోట నీలం. మీ రెండు బొమ్మలూ నెమ్మదిగానే ఉన్నాయి. మీకంటే ముందు కూర్చున్న కుర్రాడి బొమ్మలో కింది సగం ఎర్రగా మండుతోంది. అతనూ మీలాగే సైటు పోగొట్టే లేజర్‌కే వచ్చాడు. "కెరటోకోనస్ అంటారు. నల్లగుడ్డు పలచబడి కోను ఆకారంలో ముందుకు ఉబ్బుతోంది. దాని మీద లేజర్ పెడితే ఇంకా బలహీనపడుతుంది," అని అతనికి చెప్పడం మీరూ విన్నారు. అతన్ని వేరే గదికి పంపారు. అక్కడ విటమిన్ చుక్కలూ అతినీలలోహిత కాంతీ కలిపి ఆ పొరను గట్టిపరుస్తారు. కళ్ళు ఎక్కువగా నలుపుకునేవాళ్ళలో ఈ జబ్బు కనిపిస్తుందని తెలిశాక, మీ చెయ్యి కంటి దాకా వెళ్ళి ఆగిపోతుంది.

మ్యాపు కింద నల్లగుడ్డు మందం అంకెలు. కుడి 508, ఎడమ 512. మైక్రాన్లు. అంటే అర మిల్లీమీటరు. సగటున 540 దాకా ఉంటుందట. ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి ఒక తెల్లకాగితం తీసుకుని కూడికలూ తీసివేతలూ మొదలుపెడుతుంది. లాసిక్ అనే లేజర్ పద్ధతిలో ముందు ఒక పలచటి పైపొరను మూతలా లేపాలి. దానికి 110 మైక్రాన్లు. ఆ తర్వాత లోపలి పొరను ఒక్కో పవర్‌కి సుమారు 14 మైక్రాన్ల లోతున చెక్కాలి. మీ ఐదింటికి 70. 508లోంచి 110 పోను, 70 పోను, మిగిలింది 328. కనీసం 250 ఉండాలి. చాలామంది డాక్టర్లు 300కి తగ్గితే ఒప్పుకోరు. "మందం వరకూ మీకు ఓకే," అంటుంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. ఈ ఉదయం చేతికొచ్చిన అసలు సంగతి ఇదే. లేజర్ ఉన్నదాంట్లోంచి తీస్తుంది, పైసా కలపదు. ఈ అర మిల్లీమీటరు అమ్ముకోవడమే తప్ప మళ్ళీ కొనుక్కోలేని పొలం. రేపు పవర్ మళ్ళీ పెరిగి ఇంకోసారి చెక్కాలంటే, మిగిలిన 328లోంచే. అందుకే పద్దెనిమిది దాటాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ఆగాలి అని అన్ని నియమాలు. గోడ మీద పోస్టర్‌లో నవ్వుతున్న అమ్మాయి కళ్ళద్దాలు గాల్లోకి విసిరేస్తోంది. ఆ అమ్మాయి నల్లగుడ్డు మందం ఎంతో పోస్టర్‌లో రాయలేదు.

తర్వాతి గదిలో కింది రెప్ప అంచున సన్నటి కాగితం పట్టీ తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. కన్నీళ్ళు కాగితం మీద ఎంత దూరం పాకుతాయో చూస్తారు. కంట్లో చిన్న పుల్ల గుచ్చుకున్నట్టుంటుంది. ఏడవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు గానీ నీళ్ళు రావు. కాగితం తీసి స్కేలు పెట్టి ఏదో రాసుకుంటారు. ఎంతో చెప్పరు. ఆ తర్వాత కంటిపాప విచ్చుకోడానికి చుక్కలు వేసి హాల్లో కూర్చోమంటారు.

పక్కన అమ్మ. రాత్రి బస్సుకి ఖమ్మం నుంచి వచ్చింది. "చేయించేసుకోవే, ఒక పని అయిపోతుంది. ఫొటోలో అద్దాలు వద్దన్నారు ఆ పేరయ్యగారు," అంటుంది నాలుగోసారి. చుక్కలు పనిచేయడం మొదలైంది. ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోయాయి, ట్యూబ్‌లైటు చుట్టూ పొగలాంటి వెలుగు. దూరంగా గోడకున్న టీవీ మాత్రం కనిపిస్తోంది. అందులో సీరియల్ కాదు, లోపల థియేటర్లో జరుగుతున్న ఆపరేషన్.

తెర నిండా ఒకే ఒక్క కన్ను. రెప్పలు మూసుకోకుండా తీగ క్లిప్పు పెట్టారు. "మా అబ్బాయమ్మా," అంటాడు అవతలి కుర్చీలో పెద్దాయన. "పోలీసు సెలక్షన్స్‌కి తయారవుతున్నాడు." కౌన్సెలర్ పక్కనే నిలబడి చెబుతోంది: "తిమ్మిరి చుక్కలే సార్, ఇంజెక్షన్ ఉండదు. ఇప్పుడు కంటిమీద రింగు పెట్టి పట్టి ఉంచుతారు. కొన్ని సెకన్లు మీవాడికి చూపు చీకటైపోతుంది. భయపడకూడదని ముందే చెప్పాం." నల్లగుడ్డు లోపల వరసలు వరసలుగా సన్నటి బుడగలు లేచి తెల్లటి మబ్బులా పరుచుకుంటాయి. మొదటి లేజర్ పొరను విడదీస్తోంది. డాక్టర్ చేతిలోని సన్నటి పరికరం అంచు పట్టుకుని ఆ పొరను పక్కకి తిప్పేస్తుంది. అమ్మ కళ్ళు మూసుకుంది. మీరు మూసుకోలేదు.

ఇప్పుడు రెండో లేజర్. తెర మీద పెద్దగా ఏమీ కనిపించదు. లోపల మాత్రం టక్ టక్ టక్‌మని చప్పుడు వస్తుందట. వెంట్రుక కాలిన వాసన వస్తుందని చేయించుకున్నవాళ్ళు చాలామంది చెబుతారు. నిజానికి అక్కడ ఏదీ కాలదు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి అణువుల్లోని బంధాలను తెంచి పొరను ఆవిరిగా లేపేస్తుంది. పక్కనున్న కణజాలానికి వేడి తగలదు. ఈ గుణాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రంగస్వామి శ్రీనివాసన్. 1981 నవంబరులో, థాంక్స్‌గివింగ్ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ఐబీఎం ప్రయోగశాలకి పట్టుకెళ్ళి దాని మీద ఈ కాంతి పెట్టి చూశారు. మాడకుండా, నల్లబడకుండా చెక్కినట్టు గాడి పడింది. ఆయనా, ఆయన సహచరులూ ఆ రోజు చూసిన గాడే ఇప్పుడీ కుర్రాడి కంట్లో పడుతోంది. కన్ను కదిలితే లేజర్ వెంట కదులుతుంది, మరీ కదిలితే ఆగిపోతుంది.

నిమిషం కూడా పట్టలేదు. నీళ్ళతో కడిగి, పొరను యథాస్థానంలో పరిచి, తడి బ్రష్షుతో నిమిరారు. కుట్లు లేవు. "ఇంతేనా?" అంటాడు పెద్దాయన, చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని.

కౌన్సెలర్ మీ వైపు తిరుగుతుంది. "ఏదైనా ప్రభుత్వ ఉద్యోగానికి అప్లై చేశారా? రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి లాసిక్ చేయించుకున్నవాళ్ళని తీసుకోరు. నోటిఫికేషన్‌లోనే ఉంటుంది." సైటు ఉన్నా పనికిరారు, లేజర్‌తో పోగొట్టుకున్నా పనికిరారు. అటువంటి కుర్రాళ్ళు ఎంతమంది ఈ కుర్చీల్లో కూర్చుని లేచి వెళ్ళారో.

పెద్దాయన కొడుకు నల్ల గాగుల్స్‌తో బయటికొచ్చాడు. "నాన్నా, గడియారం కనిపిస్తోంది," అంటాడు, గోడ వైపు తల ఎత్తి. పెద్దాయన ముఖం చూస్తే మీకూ వెంటనే లోపలికి వెళ్ళి పడుకోవాలనిపిస్తుంది. ఇంటికి వెళ్ళాక ఆ కుర్రాడికి నాలుగైదు గంటలు కళ్ళు మండుతాయి, నీళ్ళు కారతాయి. కనీసం వారం దాకా కళ్ళలో నీళ్ళు పడకూడదు, నలపకూడదు, చుక్కలు మానకూడదు. రాత్రిళ్ళు దీపాల చుట్టూ వలయాలు కొంతకాలం ఉండొచ్చు. ఇదంతా ఇప్పుడతనికి చెప్పినా వినిపించదు.

డాక్టర్ గది. పెద్దావిడ, కంఠంలో తొందర లేదు. కంటిలోకి వెలుగు వేసి రెటీనా అంతా తిప్పి తిప్పి చూస్తుంది. పైకి, కిందికి, ముక్కు వైపు. "రెటీనా బాగుంది. కానీ ఏటా చూపించుకోవాలమ్మా. మైనస్ వచ్చేది కనుగుడ్డు పొడవెక్కువై. లేజర్ ముందుభాగాన్ని సరిచేస్తుంది గానీ పొడవు తగ్గించదు. అద్దాలు పోయాయి కదా అని చాలామంది ఇటువైపే రారు."

"లెన్సులు ఎన్ని గంటలు పెట్టుకుంటావ్?"

"పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా మేడమ్."

ఆవిడ తల పంకిస్తుంది. నల్లగుడ్డులో రక్తనాళాలు లేవు. ఉంటే చూపుకి అడ్డం. దానికి కావలసిన ఆక్సిజన్ కన్నీటి పొర ద్వారా నేరుగా గాలిలోంచే అందాలి. పద్నాలుగు గంటలు మూతపెట్టి ఉంచితే దానికి ఊపిరాడదు. ప్రాగ్‌లో ఓటో విక్టర్లే అనే శాస్త్రవేత్త 1961 క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లో పిల్లల బొమ్మల సెట్టుతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి మెత్తటి లెన్సులు తయారుచేశాడు. అప్పటికంటే ఇప్పటి సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు ఎంతో మేలు, గాలి బాగా పోతుంది. అయినా గాలే నయం. "కుళాయి నీళ్ళతో కడుగుతావా? పెట్టుకునే నిద్రపోతావా?" నీళ్ళతో కడగనని చెబుతారు. రెండో ప్రశ్నకి జవాబు కొంచెం ఆలస్యమవుతుంది. ఆవిడ అకాంతమీబా సంగతి చెబుతుంది: ట్యాంకు నీళ్ళలో ఉండే సూక్ష్మజీవి, లెన్సు కింద చేరితే నల్లగుడ్డును తినేస్తుంది, నెలల తరబడి మందులు వాడినా మచ్చ మిగలొచ్చు. ఫంక్షన్లకి, ఆటలకి, ఒక్కరోజు వాడి పారేసే రకం, కొద్ది గంటలు అయితే సరేనంటుంది.

అప్పుడు కాగితం పట్టీ లెక్క. కుడి 8 మిల్లీమీటర్లు, ఎడమ 7. "పది దాటాలమ్మా. రోజంతా ఏసీలో స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతారు మీరంతా. లాసిక్‌లో పొర లేపినప్పుడు కన్నీళ్ళకి కబురు పంపే నరాలు తెగుతాయి. మళ్ళీ పెరగడానికి నెలలు పడుతుంది. స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతిలో కోత చిన్నది, నరాలు తక్కువ తెగుతాయి, కానీ తెగుతాయి. ఇప్పటికే పొడిగా ఉన్న కంట్లో ఆ పని నేను చెయ్యను. ఆరు నెలలు చుక్కలు వాడు, రెప్పలకి వేడి కాపడం పెట్టు, మళ్ళీ కొలుద్దాం."

"చేయించేస్తే జన్మలో అద్దాలు ఉండవు కదండీ?" అమ్మ వదలదు.

డాక్టర్ అమ్మ మెడలో వేలాడుతున్న చదువుకునే అద్దాలు చూపిస్తుంది. "నలభై దాటాక చత్వారం లేజర్ చేయించుకున్నవాళ్ళకీ వస్తుందండీ. వాళ్ళూ పేపరు చదవాలంటే ఇవే పెట్టుకోవాలి. మీ అమ్మాయి మైనస్ అలాగే ఉంచుకుంటే అద్దాలు తీసి చదువుకుంటుంది."

అమ్మ తన అద్దాలు చేత్తో పట్టుకుని చూసుకుంటుంది. ఏమీ అనదు.

నన్నడిగితే ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టేది లేదు. పోలీసు సెలక్షన్‌కి వెళ్ళే కుర్రాడికీ, ఏసీ గదిలో పొడికళ్ళతో కూర్చునే మీకూ ఒకే జవాబు ఉండదు. పైగా ఇవాళ ఎంచుకుని రేపు వద్దనుకోగలిగే వీలు అద్దాలు, లెన్సులు, లేజర్ మూడింటిలో లేజర్‌కే లేదు.

కింద కళ్ళద్దాల షాపు. ఇక్కడ మైనస్ ఐదువాళ్ళందరికీ తెలిసిన చిక్కు ఒకటుంది: ఖాళీ ఫ్రేమ్ పెట్టుకుంటే అద్దంలో మీ ముఖం మీకే కనిపించదు. ఎవరి మాటో నమ్మాలి, లేదా ఫోన్‌లో ఫొటో తీయించుకుని తర్వాత చూడాలి. విచ్చుకున్న కంటిపాపలతో, పాత అద్దాల్లోంచి చూస్తే ఫోన్ కూడా మసకే. "ఇది వద్దు, హెడ్‌మాస్టరులా ఉన్నావ్," అంటుంది అమ్మ. "ఇది కొంచెం నయం." షాపతను పెద్ద ఫ్రేములు పక్కకి తోసేస్తాడు. మైనస్ అద్దం నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఫ్రేమ్ ఎంత పెద్దదైతే అంచు అంత లావు. చిన్న గుండ్రటి ఫ్రేమ్, 1.67 ఇండెక్స్ అద్దం వేస్తే సోడాబుడ్డిలా ఉండదంటాడు. కంటిపాపల మధ్య దూరం స్కేలుతో కొలుస్తాడు.

"రాత్రిపూట స్కూటీ నడుపుతారా మేడమ్?"

"రోజూ."

"యాంటీగ్లేర్ వేయిస్తాను. మంగళవారం రండి."

"ఆదివారం వాళ్ళు వచ్చేలోపు ఇస్తారుగా బాబూ?" అంటుంది అమ్మ, పర్సు తీస్తూ. "అబ్బాయి దీనికి సరిగ్గా కనబడాలి."