బిందువులో స్ఫటికం

ద్రవ స్ఫటికాల చరిత్రలో చాలా భాగం బిందువులను చూస్తూనే సాగింది. 1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్సర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మడ్డి ద్రవమైంది, 178.5 దగ్గర ఆ మసక పోయి తేటపడింది. ఆయన నమూనాలను జర్మనీలోని ఆఖెన్‌లో ఉన్న ఒట్టో లేమాన్‌కు పంపాడు. అంతకంటే సరైన మనిషి దొరకడం కష్టం. నమూనాను వేడిచేస్తూనే ధ్రువిత కాంతిలో చూడగలిగే మైక్రోస్కోప్ లేమాన్ దగ్గర ఉంది.

తేట ద్రవం మెల్లగా చల్లారుతుంటే మసక దశ చాలాసార్లు చిన్న చిన్న గుండ్రటి బిందువులుగా పుడుతుంది. మామూలు ద్రవబిందువైతే, ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు ధ్రువణ పట్టకాల మధ్య నల్లగా ఉండిపోవాలి. ఇవి వెలుగుతాయి. కొన్నింటిలో నడిబొడ్డు నుంచి నాలుగు వైపులా నల్లటి శిలువ కనిపిస్తుంది. గాజు పలకను ఎంత తిప్పినా అది కదలదు. మరికొన్నింటిలో రెండు ధ్రువాల మధ్య వంపు గీతలు సాగుతాయి. పలక తిప్పితే వాటి రూపం మారిపోతుంది. లేమాన్ ఇలాంటి బిందువులను ఏళ్ల తరబడి ఓపికగా పరిశీలించి, బొమ్మలతో సహా 1904లో పెద్ద గ్రంథంగా ప్రచురించాడు. అణువుల దిశ మెలితిరుగుతూ సాగే కొలెస్టెరిక్ రకం బిందువుల లోపలి చారలు వేడి ప్రసరిస్తున్నప్పుడు గిరగిరా తిరగడాన్ని కూడా 1900లోనే గమనించాడు. ఆ భ్రమణాన్ని ఫ్రాన్స్‌లో ఓస్వాల్డ్, డెకీట్ 2008లో మళ్లీ జాగ్రత్తగా కొలిచారు.

ఒకే పదార్థం ద్రవంగానూ స్ఫటికంగానూ ఉండగలదని అప్పట్లో నమ్మినవారు తక్కువ. గుస్టావ్ టామాన్ వంటి రసాయనవేత్తలు ఆ మసకను కలవని రెండు ద్రవాల మిశ్రమంగా కొట్టిపారేశారు. ఆ వాదనకు బిందువే గట్టి జవాబు: ఉత్త మిశ్రమంలో ఇంత క్రమమైన శిలువ ఏర్పడదు. 1922లో జార్జ్ ఫ్రీడెల్ ఈ దశలను నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టెరిక్ అని విడదీశాక వివాదం చాలావరకు సద్దుమణిగింది.

ఆకృతులకు కారణం తెలియడానికి మరికొంత కాలం పట్టింది. నెమాటిక్‌లో పొడవాటి అణువులు ఒకే దిశలో ఒరగాలని చూస్తాయి. ఆ దిశ విచ్చుకున్నా, మెలిపడినా, వంగినా శక్తి ఖర్చవుతుందని 1958లో ఫ్రాంక్ లెక్క కట్టాడు. బిందువు గోడ మాత్రం తన షరతు తాను పెడుతుంది. అణువులు గోడకు నిలువుగా నిలవాల్సి వస్తే దిశలన్నీ కేంద్రంలో ఢీకొని, అక్కడ ఒక దోషబిందువు మిగులుతుంది. గోడ వెంబడి పడుకోవాల్సి వస్తే, తల మీద జుట్టు ఎటు దువ్వినా సుడి తప్పనట్టే, గోళం మీద ఎక్కడో ఒకచోట క్రమం చెడక తప్పదు. సాధారణంగా ఆ దోషాలు ఎదురెదురు ధ్రువాల దగ్గర చేరతాయి. లేమాన్ చూసిన రెండు రూపాలూ ఇవే. 1969లో దుబ్వా-వియొలెట్, పరోది ఈ బిందువుల సిద్ధాంతాన్ని రాశారు. 1983లో సోవియట్ యూనియన్‌లో వొలోవిక్, లావ్రెంతోవిచ్ గ్లిజరిన్‌లో తేలే బిందువులకు లెసిథిన్ చేర్చి, ఉష్ణోగ్రత మారుస్తూ ఒక రూపం రెండో రూపంలోకి మారే క్రమాన్ని దశదశగా చూపించారు.

పరిమాణానికీ ఇందులో పాత్ర ఉంది. వంపుల ఖర్చు బిందువు వ్యాసార్ధంతో పెరిగితే, గోడ పట్టు వ్యాసార్ధపు వర్గంతో పెరుగుతుంది. అందువల్ల పెద్ద బిందువులో గోడ మాటే నెగ్గుతుంది. మరీ చిన్నదైతే అణువులు గోడను లెక్కచేయకుండా దాదాపు ఒకే దిశలో నిలుస్తాయి.

1980ల్లో ఈ జ్ఞానం గాజు పలకల్లోకి చేరింది. అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్, ఆ తరువాత కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డోన్ బృందం పాలిమర్‌లో మైక్రాన్ స్థాయి బిందువులను బంధించారు. కరెంటు లేనప్పుడు బిందువులు కాంతిని చెదరగొట్టి పలకను పాలతెలుపు చేస్తాయి. ఓల్టేజి ఇస్తే అణువులు ఒకే వైపు తిరిగి పలక పారదర్శకమవుతుంది. ఆఫీసు గదుల్లో మీట నొక్కగానే మసకబారే అద్దాలు చాలావరకు ఈ పద్ధతివే.

2010లో ల్యుబ్లియానాలో హుమార్, ముషెవిచ్ కొలెస్టెరిక్ బిందువునే లేజర్‌గా వెలిగించారు. 2011లో విస్కాన్సిన్‌లో నికొలస్ అబట్ బృందం బాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకు పికోగ్రాముల మోతాదులో ఉన్నా, రెండు ధ్రువాల బిందువు శిలువ బిందువుగా మారుతుందని నిరూపించింది. ఆ విషం గోడనంతా కప్పాల్సిన అవసరం లేదు. దోషాల దగ్గర చేరిన కాసిన్ని అణువులే మొత్తం ఆకృతిని మార్చేస్తాయి.