మోనిత (కార్తీక దీపం పాత్ర)

మోనిత, స్టార్ మా ఛానల్‌లో 2017 అక్టోబరు 16 నుండి 2023 జనవరి 23 వరకు ప్రసారమైన కార్తీక దీపం అను తెలుగు ధారావాహికలోని ప్రధాన ప్రతినాయిక పాత్ర. వృత్తిరీత్యా వైద్యురాలైన ఈ కల్పిత పాత్రను కన్నడ నటి శోభా శెట్టి పోషించినది. తాను ప్రేమించిన డాక్టర్ కార్తీక్‌ను దక్కించుకొనుటకు అతని భార్య దీపపై అనుమానము కలిగించి, ఆ సంసారమును విడదీయుట ఈ పాత్ర ప్రధాన లక్షణము. తెలుగు ధారావాహికలలో ప్రతినాయికలకు కొదువ లేకపోయినా, చూసేవారు పాత్ర పేరునే తిట్టుగా వాడుకునేంత ప్రసిద్ధి పొందినవారిలో మోనితను ముందుగా చెప్పవచ్చు.

మూలకథ

కార్తీక దీపానికి మూలం మలయాళంలో ఏషియానెట్ ఛానల్ 2014 నుండి 2019 వరకు ప్రసారం చేసిన కరుత్తముత్తు. ఆ పేరుకు నల్లముత్యమని అర్థం. ఒంటి రంగు నలుపు కావడం వలన అవమానాలు పడే స్త్రీ కథ ఇది. మలయాళంలో కథానాయికగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ తెలుగులోనూ దీప పాత్రను ధరించినది. రెండు చోట్లా ఆమె ముఖానికి నల్లరంగు మేకప్ వేసి నటింపజేశారు. వర్ణవివక్షను ఖండించే కథలో నల్లని నటికి చోటు దొరకకపోవడం ఈ ధారావాహికపై నిలిచిపోయిన న్యాయమైన విమర్శ. తెలుగు రూపానికి కాపుగంటి రాజేంద్ర దర్శకుడు. కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, అతని తల్లి సౌందర్యగా అర్చనా అనంత్ నటించారు. ప్రేక్షకులు కథానాయికను వంటలక్క అనీ, కథానాయకుని డాక్టర్ బాబు అనీ పిలుచుకున్నారు. మోనితకు మాత్రం అటువంటి ముద్దుపేరు రాలేదు.

కథలో మోనిత

కార్తీక్ తల్లి మాటను కాదని నల్లని పిల్లయైన దీపను పెళ్ళి చేసుకుంటాడు. కోడలి రంగును సహించలేని సౌందర్య మొదట్లో దీపకు శత్రువు. కనుక కథ ప్రారంభంలో మోనిత పని సులువు: ఇంట్లో ఉన్న ద్వేషానికి బయటి నుండి ఊతమివ్వడమే. అయితే సౌందర్య క్రమంగా మారి కోడలి పక్షాన నిలుస్తుంది. అప్పటి నుండి దీపను బాధించే భారమంతా మోనిత మీదనే పడినది.

ఆమె పన్నిన ప్రధానమైన కుట్ర ఒక వైద్య నివేదికతో ముడిపడి ఉన్నది. కార్తీక్‌కు సంతానయోగ్యత లేదని అతనిని నమ్మించుటతో, గర్భవతియైన దీప శీలంపై అతనికి అనుమానం పుడుతుంది. దీప ఇల్లు విడిచి వెళ్ళి కవలలను కంటుంది. వారిలో ఒకరైన శౌర్య తల్లి వద్ద పెరుగుతుంది. మరొకరైన హిమను, ఎవరి బిడ్డ అన్నది దాచి, సౌందర్య తన ఇంటికి చేరుస్తుంది. దీప వంటలు చేసి బిడ్డను పోషించుకుంటుంది. తన కుమార్తెలు కళ్ళ ముందే తిరుగుతున్నా కార్తీక్ నమ్మడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. మోనిత చేతిలోని ఆయుధం విషమూ కాదు, చేతబడీ కాదు, ఆస్పత్రి కాగితం. చదువుకున్న భర్త భార్య మాట కన్నా ఆ కాగితాన్ని నమ్ముతాడు. డీఎన్ఏ పరీక్ష ఒకటి చేయిస్తే సరిపోవునుగదా అని ప్రేక్షకులు ఏళ్ళ తరబడి హాస్యమాడినారు. ఆ హాస్యంలో నిజం లేకపోలేదు. కాని పరీక్ష గుణం కన్నా, భార్య తన శీలాన్ని పరీక్షతో రుజువు చేయవలసి రావడమే ఈ కథలోని అసలు బాధ. స్వాభిమానం గల దీప ఆ రుజువును చూపుటకు వెనుకాడుతుంది. దీప వెనుకాడినంత కాలం మోనిత కుట్ర నిలుస్తుంది.

కార్తీక్‌కు నిజం తెలిసిన తరువాత కూడ మోనిత వెనుదిరగలేదు. కార్తీక్‌కు తెలియకుండా కృత్రిమ పద్ధతిలో అతని వలన గర్భం ధరించి, ఆ బిడ్డను చూపి భార్యస్థానం కోరుతుంది. కథ ఈ దశలో మొదటి బిగువు కోల్పోయినదని చెప్పక తప్పదు. 2022లో కవలలు పెద్దవారైనట్లు చూపి కొత్త తారాగణంతో కథను నడిపినా, అదే సంవత్సరం పాత జంటను, వారితో పాటు మోనితను తిరిగి తీసుకురావలసి వచ్చినది.

పాత్ర నిర్వహణ

కుట్ర చేసే పాత్రతో రచయితకు ఒక చిక్కు కలదు. రహస్యం ప్రేక్షకునికి తెలియాలి, పక్క గదిలోని పాత్రకు తెలియకూడదు. సినిమా రెండున్నర గంటలలో దీనిని దృశ్యాలతో చెప్పుకుపోవచ్చు. వారానికి ఆరు రోజులు నడిచే ధారావాహికలో, నిన్న చూడని వారికి కూడ నేడు అర్థం కావాలి. అందువలన మోనిత తన పథకాలను అద్దం ముందు నిలబడి తనకు తానే చెప్పుకుంటుంది, లేదా పనిమనిషి ప్రియమణికి చెబుతుంది. ప్రియమణి అమాయకపు ప్రశ్నలు ప్రేక్షకుని ప్రశ్నలే. శోభా శెట్టి ఈ సన్నివేశాలలో అరుపులు తగ్గించి నవ్వును ఎక్కువగా వాడినది. ఓడిన మరుక్షణమే మరో ఎత్తు తోచినట్లుగా మారే ఆమె ముఖకవళికలు పాత్రకు గుర్తింపు తెచ్చినవి. ఈమె అంతకు ముందు కన్నడంలో అగ్నిసాక్షి ధారావాహికలో నటించినది.

కౌమార వయసు ప్రతినాయికలతో పోలిక

అమెరికా ధారావాహికలలో పన్నాగాలు పన్నే పాత్ర తరచుగా బడి వయసు పిల్లగా మొదలవుతుంది. ఏబీసీ సంస్థ 1970 జనవరి 5న ప్రారంభించిన ఆల్ మై చిల్డ్రన్‌లో ఎరికా కేన్ అటువంటిదే. ఆగ్నెస్ నిక్సన్ సృష్టించిన ఈ పాత్రను సూసన్ లూచీ నాలుగు దశాబ్దాలు పోషించినది. స్నేహితురాలు ప్రేమించిన అబ్బాయిని లాక్కోజూసిన హైస్కూలు పిల్ల, కాలక్రమాన ఆ ధారావాహికకే కేంద్రమైనది. పద్దెనిమిది సార్లు ప్రతిపాదనతోనే సరిపెట్టుకున్న లూచీకి 1999లో ఎమ్మీ పురస్కారం దక్కినది.

తెలుగు ధారావాహికలు ఈ దారిన ఎక్కువగా పోలేదు. ఇక్కడ పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల సాధారణంగా కుట్రకు గురియయ్యేదే గాని కుట్ర చేసేది కాదు. హిందీ నుండి అనువదింపబడి ప్రజాదరణ పొందిన చిన్నారి పెళ్ళికూతురు ఇందుకు ఉదాహరణ. కుట్రలు అత్త, ఆడపడుచు, సవతి, లేదా మోనిత వలె పెళ్ళికాని ఉద్యోగిని వంతు. చదువు, సంపాదన, సొంత ఇల్లు ఉన్న స్త్రీకే ఈ పాత్రను మాటిమాటికీ కట్టబెట్టడం ఆలోచింపదగినది.

సరిహద్దు ప్రాంతంలో మోనిత

కరుత్తముత్తు కథ కన్నడంలో స్టార్ సువర్ణ ఛానల్‌లో ముద్దులక్ష్మిగాను, తమిళంలో స్టార్ విజయ్ ఛానల్‌లో 2019 నుండి భారతి కణ్ణమ్మగాను వచ్చినది. తమిళంలో మోనిత స్థానంలోని పాత్ర పేరు వెణ్బా. ఫరీనా ఆజాద్ ఆ పాత్ర ధరించినది. మరాఠీ, హిందీ, బెంగాలీలలో కూడ ఈ కథ నడిచినది.

దీని వలన పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలలో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడినది. కుప్పం ఒకవైపు కర్ణాటకకు, మరొకవైపు తమిళనాడుకు ఆనుకొని, చెన్నై - బెంగళూరు రైలుమార్గంపై ఉన్నది. మదనపల్లె, పుంగనూరులకు కోలారు వైపు రాకపోకలు, పెళ్ళి సంబంధాలు ఎక్కువ. మూడు భాషలు వినబడే ఈ సీమలో 2019, 2020 సంవత్సరాలలో ఒకే కుట్రను మూడు భాషలలో చూడ వీలుండెను. ఒక భాషలో ముందు నడిచిన ఘట్టం మరొక భాషలో రాబోయే కథకు సూచన అయ్యేది. ద్రావిడ భాషల అధ్యయనానికై 1997లో విశ్వవిద్యాలయం నెలకొన్న కుప్పంలో, తులనాత్మక పరిశీలన ఇలా ఇంటింటికీ చేరినదనవచ్చు.

పాత్రను నిజమని తలచి తిట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద జరిగే మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి నాటకం ఆడి, చివరి దినమున మట్టితో చేసిన భారీ దుర్యోధనుని తొడను భీమవేషధారి కొట్టడం ఆచారం. అక్కడ దుర్యోధనుడు పద్దెనిమిదవ రోజున తప్పక పడతాడు. మోనితకు అటువంటి గడువు లేనందున ఆమె ఐదేళ్ళు నిలిచినది.

తరువాతి కాలం

శోభా శెట్టి 2023లో బిగ్ బాస్ తెలుగు ఏడవ భాగంలో పాల్గొన్నది. అక్కడ ఆమె వాదనలకు దిగిన ప్రతిసారీ ప్రేక్షకులు మోనితను తలచుకున్నారు. 2024 మార్చిలో కార్తీక దీపం - ఇది నవ వసంతం అను పేరుతో అదే జంటతో మరొక కథ ప్రారంభమైనది. అందులో ప్రతినాయిక స్థానం జ్యోత్స్న అను పాత్రకు దక్కినది.