దాచుకున్నవాళ్ల వీధులు

టోక్యోలోని అకిహబారలో సూపర్ పొటాటో అని పాత వీడియో గేముల కొట్టు ఒకటుంది. అక్కడి అరల్లోంచి ఒక గేమ్‌బాయ్ క్యాసెట్ చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిళ్ల. ముందు పోకెమాన్ బొమ్మ, వెనక్కి తిప్పితే నల్ల మార్కర్‌తో నాలుగు అక్షరాలు. అక్షరాలు దిద్దుకునే వయసులో ఉన్న పిల్లవాడు రాసుకున్న పేరది. చివరి అక్షరానికి చోటు చాలక కిందికి జారింది. పైన తొడిగిన పారదర్శకపు కవరుకి కొట్టువాళ్లు చిన్న చీటీ అంటించారు: వెనక పేరు రాసి ఉంది, గమనించగలరు అని. అందుకే పక్కనున్న శుభ్రమైన క్యాసెట్ కన్నా దీని ధర తక్కువ. నేను దీన్నే కొన్నాను.

జపాన్ ప్రయాణమనగానే మనవాళ్ల చీటీలు మొదలవుతాయి. "మామయ్యా, తంజిరో బొమ్మ ఒరిజినల్ తెచ్చిపెట్టు" అన్నాడు మా అక్క కొడుకు. వాడు చిన్నప్పుడు డోరేమాన్‌నీ షిన్‌చాన్‌నీ తెలుగులోనే చూశాడు. 2025 సెప్టెంబరులో తంజిరో కథ 'డీమన్ స్లేయర్: ఇన్‌ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకి వస్తే పొద్దున్నే ఆటకి పరిగెత్తాడు. వాడి చీటీ పట్టుకుని తిరుగుతున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. ఈ వీధులేవీ బొమ్మలు అమ్మడానికి పుట్టినవి కావు. పర్యాటకుల కోసం పుట్టినవి అసలే కావు. మొదట రేడియో సామాను, ఖాళీ పడిన దుకాణాలు, పాత పుస్తకాలు ఉన్నాయి. పారెయ్యకుండా దాచుకున్నవాళ్లు తర్వాత వచ్చి వీటిని ఇవాళ్టి రూపానికి తెచ్చారు.

కథ 1945 డిసెంబరు దగ్గర మొదలుపెట్టాలి. యుద్ధం ముగిసి నాలుగు నెలలే అయింది. తిండికే గతి లేని రోజులు. కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు ఒత్సు పట్టణంలో తలదాచుకుంటున్నాడు. అమెరికా సైనికులు తిని పారేసిన ఆహారపు డబ్బాలు ఏరి, కడిగి, కత్తిరించి, వంచి, వాళ్లు వీధుల్లో నడిపే జీపు నమూనానే పిల్లల బొమ్మగా చేశాడు. క్యోటోలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోరులో పది యెన్‌లకి పెడితే జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు 'ఆక్రమిత జపాన్‌లో తయారైనది' అన్న ముద్రతో రేకు బొమ్మలు ఓడలెక్కాయి, ఆ దేశానికి విదేశీ మారకం తెచ్చిపెట్టాయి. ప్లాస్టిక్ వచ్చాక రేకు బొమ్మల్ని ఇళ్లలోంచి ఊడ్చి పారేశారు. అప్పుడు వాటిని ఏరి దాచినవాళ్లలో కితహర తెరుహిస ఒకడు. 1986లో యోకొహామాలో ఆయన తన సేకరణతో రేకు బొమ్మల మ్యూజియం తెరిచాడు. చెత్తలోంచి పుట్టి, చెత్తలోకి పోబోయి, గాజు పెట్టెలోకి చేరింది ఆ బొమ్మ.

అకిహబార దారి వేరు. అక్కడ అమ్మకాలు మొదలైంది రేడియోతో. యుద్ధం తర్వాత జనానికి వార్తలు కావాలి, కొత్త రేడియో కొనే స్తోమత లేదు. సైన్యం వదిలేసిన వాక్యూమ్ ట్యూబులూ తీగలూ కాయిళ్లూ రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మేవాళ్లు. దగ్గర్లోని సాంకేతిక విద్యార్థులు వాటితో రేడియోలు బిగించి నాలుగు డబ్బులు చేసుకునేవాళ్లు. 1949లో ఆక్రమణ సైన్యపు అధికారులు రోడ్డు మీది దుకాణాలు ఎత్తెయ్యమన్నారు. చిల్లర వర్తకులకి రైలు వంతెన కింద చోటు దొరికింది. అలా ఏర్పడిన రేడియో సెంటర్ ఇప్పటికీ ఉంది. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒరగాల్సిన సందులు, ఒక మనిషి కూర్చుంటే నిండిపోయే కొట్లు, మన కోఠీ ఎలక్ట్రానిక్స్ సందుల్లోలాగే చిన్న చిన్న డబ్బాల నిండా రెసిస్టర్లు, స్విచ్చులు. బొమ్మల కోసం వెళ్లినవాళ్లు కూడా ముందు ఈ సందులో ఓసారి నడవాలని నా కోరిక. ఈ పేటకి అలవాటైన వ్యాపారపు కొలత, అంటే మూరెడు జాగాలో ఒక మనిషి, ఒకే రకం సరుకు, దాని గురించి సమస్తం తెలిసిన అమ్మకందారు, ఇక్కడే కంటికి కనిపిస్తుంది.

1966ని కాస్త ఆగి చూడాలి. ఆ ఏడాది జపాన్ టీవీలో 'అల్ట్రామాన్' మొదలైంది. మారుసాన్ అనే కంపెనీ మెత్తటి వినైల్‌తో రాక్షసుల బొమ్మలు తెచ్చింది. ద్రవంగా ఉన్న వినైల్‌ని లోహపు అచ్చులో పోసి, వేడి చేసి, అది గోడలకి పట్టుకున్నాక మిగిలింది ఒంపేసి, వేడి మీదుండగానే పటకారతో లాగాలి. లోపల బోలు, బయట పొలుసుల చర్మం. సోఫుబి అని పిలిచే ఆ బొమ్మల్ని పిల్లలు నీళ్లల్లో నానబెట్టారు, కొరికారు, కాళ్లూ చేతులూ పీకారు. అందుకే ఇవాళ ఒక్క గీత లేకుండా మిగిలిన సోఫుబికి అంత ధర.

అదే 1966లో టోక్యోలోనే నకానో స్టేషన్‌కి ఉత్తరాన నకానో బ్రాడ్‌వే లేచింది. కింది అంతస్తుల్లో దుకాణాలు, పైన ఖరీదైన ఫ్లాట్లు, మేడ మీద తోట, ఈతకొలను. ఎస్కలేటర్ మొదటి అంతస్తు నుంచి నేరుగా మూడోదానికి తీసుకుపోతుంది. కొత్తవాళ్లు ఇప్పటికీ తికమకపడతారు. కొన్నేళ్లకి ఆ మోజు తగ్గి పై దుకాణాలు ఖాళీ పడ్డాయి, అద్దెలు దిగాయి. 1980లో ఫురుకావ మసుజో అనే మాంగా (జపాన్ బొమ్మల కథల) చిత్రకారుడు అక్కడ ఒక చిన్న గది తీసుకుని పాత మాంగా పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కొట్టు పేరే మండరాకె. పాత పుస్తకాన్ని తూకానికి కాక విలువకి కొనడం ఆయన చేసిన పని. గీసినవాడు కాబట్టి ఏది ఎందుకు అపురూపమో ఆయనకి తెలుసు. పుస్తకాల వెనక బొమ్మలొచ్చాయి, బొమ్మల వెనక యానిమేషన్ సెల్స్, పాత పోస్టర్లు వచ్చాయి. పక్క గది ఖాళీ అయితే అదీ మండరాకె అయింది. ఇప్పుడు ఆ భవనంలో అంతస్తు అంతస్తునా దాని కొట్లే. ఒక దానిలో సోఫుబి, ఒక దానిలో రైలు నమూనాలు, నాలుగో అంతస్తులో ఎర్ర తొరి ద్వారాల వరస దాటి వెళ్తే పురాతన బొమ్మలు. నాకు అకిహబార కన్నా ఈ భవనమంటేనే ఇష్టం. కూరగాయల సంచితో నడిచే ముసలమ్మలూ, గాజు పెట్టెకి ముక్కు ఆనించిన కుర్రాళ్లూ ఒకే సందులో కనిపిస్తారు.

1980 జూలైలో బందాయ్ కంపెనీ మూడొందల యెన్‌లకి గుండం రోబో ప్లాస్టిక్ కిట్ విడుదల చేసింది. అనుకున్నంత ఆదరణ లేక ఆ రోబో టీవీ సీరియల్‌ని 43 ఎపిసోడ్లకే ముగించేసి అప్పటికి ఆరు నెలలు. పునఃప్రసారాలూ ఈ కిట్లూ కలిసి దాన్ని బతికించాయి. బొమ్మ సీరియల్‌ని నిలబెట్టిందంటే తప్పు కాదు. కిట్ కొన్న పిల్లవాడు ముక్కలు కత్తిరించి, అతికించి, రంగులేసి బొమ్మని తన చేత్తో చేసుకుంటాడు. అలా చేసుకున్నదాన్ని పారెయ్యబుద్ధి కాదు. పెద్దయ్యాక కూడా వదలని తరం అక్కడే తయారైంది.

ఆ తరంలో చెయ్యి తిరిగినవాళ్లు కంపెనీలు చెయ్యని బొమ్మల్ని ఇంట్లోనే రెసిన్‌తో పోతపోయడం మొదలుపెట్టారు. వాటినే గరాజ్ కిట్ అన్నారు. ఒసాకా దగ్గర మొరిగుచిలో 1964లో చిన్న మోడల్ కొట్టుగా మొదలైన కైయోడో ఈ పనిలో ముందు నిలిచింది. 1985 నుంచి వండర్ ఫెస్టివల్ పేరుతో వీళ్లందరికీ ఒక సంత ఏర్పడింది. 1992లో దాని నిర్వహణ కైయోడో చేతికి వచ్చింది. ఈ సంతలో నన్ను ఆకట్టుకున్నది హక్కుల ఏర్పాటు. మామూలు అభిమాని కూడా హక్కుదారు దగ్గర ఆ ఒక్క రోజుకి, ఆ ఒక్క ప్రాంగణానికి అనుమతి తీసుకుని తను చేసిన బొమ్మ అమ్ముకోవచ్చు. సాయంత్రం తలుపులు మూస్తే అనుమతీ ముగుస్తుంది. దొంగ సరుకుగా మిగిలిపోవాల్సిన పనితనానికి చట్టం లోపలే చోటిచ్చారు. అక్కడ చెయ్యి సానబట్టినవాళ్లలో చాలామంది తర్వాత పెద్ద కంపెనీల శిల్పులయ్యారు.

ఇదంతా అకిహబారకి చేరింది తొంభైల చివర. టీవీలూ ఫ్రిజ్‌లూ కొనేవాళ్లు శివారు పెద్ద కొట్లకి మళ్లారు. కంప్యూటర్ కోసం వచ్చే కుర్రాళ్లు మిగిలారు, వాళ్ల అభిరుచుల వెంట గేములూ యానిమేలూ వచ్చాయి. 1995లో మొదలైన 'ఎవాంజెలియన్' టీవీ యానిమే ఊపు మీద షిబుయాలోని కైయోడో కొట్టు కూడా ఇక్కడి రేడియో కైకాన్ అనే భవనాని‌కి మారింది. పేట ఇలా మారడాన్ని పరిశీలించి రాసిన మొరికావ కైచిరో చెప్పిన మాట ముఖ్యమైనది: ఈ పేటని ప్రభుత్వమో పెద్ద పెట్టుబడిదారో ప్రణాళిక వేసి మార్చలేదు, అక్కడికి వచ్చే మనుషుల అభిరుచే మార్చింది. పాత రేడియో కైకాన్‌ని కూల్చి కట్టాక 2014లో తిరిగి తెరిచారు.

అందులో అద్దె గాజు అరల కొట్లు చూసి తీరాలి. గోడ పొడవునా అడుగున్నర వెడల్పు గాజు గళ్లు, ఒక్కోదానికి ఒక అంకె. నెలకింత అని కట్టి ఎవరైనా ఒక గడి అద్దెకి తీసుకోవచ్చు, తన బొమ్మలు సర్ది ధర తనే రాసుకోవచ్చు. కొట్టువాడు తాళం తీసి ఇస్తాడు, అమ్మినవాడు కొన్నవాడికి ఎప్పటికీ కనపడడు. ఒక గడిలో ఆరు బుల్లి గోకూలు ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నారు. వెనక నీలం కాగితం ఆకాశంలా అంటించి ఉంది. అమ్మకానికి పెట్టిన సరుకు అలా ఉండదు. మన ఇళ్లలో సంక్రాంతి బొమ్మల కొలువులో ఏది ఏ మెట్టు మీద ఉండాలో అమ్మమ్మలు పట్టుబట్టేవాళ్లే, ఆ పట్టుదల ఆ గడిలో కనిపించింది. నేను వాటిని విడదియ్యలేక ఏమీ కొనకుండా వచ్చేశాను.

గచా సంగతి లేకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. నాణెం వేసి మర తిప్పితే బొమ్మ ఉన్న గుండ్రటి డబ్బా పడే యంత్రం 1965లో అమెరికా నుంచి వచ్చింది. 1977లో బందాయ్ దిగి, ఖరీదు వంద యెన్‌లకి పెంచి నాణ్యతా పెంచింది. 2016లో నరిటా విమానాశ్రయంలో ఈ యంత్రాలు వరసగా పెట్టారు. విదేశీ నాణేలు బ్యాంకులు మార్చవు కాబట్టి వెళ్లిపోయేవాళ్లు జేబులో చిల్లర వదిలించుకోవచ్చన్నది ఆలోచన. 2021లో ఇకెబుకురోలో మూడు వేల పైచిలుకు యంత్రాలతో పెద్ద కొట్టే తెరిచారు.

పర్యాటకుల వరద ఇటీవలిది. 2003లో జపాన్‌కి వచ్చిన విదేశీయులు 52 లక్షలు. 2013లో కోటి దాటారు, 2024లో దాదాపు 3 కోట్ల 69 లక్షలు. 1998లో పోకెమాన్ సెంటర్, 2019లో షిబుయా పార్కోలో నింటెండో సొంత కొట్టు, 2024లో ఉజిలో నింటెండో మ్యూజియం వచ్చాయి. మెరుస్తాయి, కిక్కిరిసి ఉంటాయి. పిల్లలతో వెళ్తే తప్పించుకోలేం. అయితే అక్కడ దొరికే కొత్త సరుకులో చాలా భాగం ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఐదు వేల యెన్‌లు దాటితే పాస్‌పోర్టు చూపించి పది శాతం పన్ను అక్కడికక్కడే మినహాయించుకునే సౌకర్యాన్ని కూడా మార్చడానికి నిర్ణయం జరిగింది. 2026 నవంబరు నుంచి పన్ను ముందు కట్టాలి, దేశం దాటేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఖరారు చేశాక డబ్బు వెనక్కి వస్తుంది.

మా వాడి తంజిరో పాత సరుకు కొట్లో దొరికాడు. బొమ్మల ఖరీదులో అంత తేడా ఎందుకో అక్కడ అర్థమైంది. ఏడో వంతు కొలతలో చేసి రంగులేసిన కొత్త బొమ్మలు పదిహేను, ఇరవై వేల యెన్‌లు పలుకుతాయి. క్రేన్ గేముల్లో గెలిచే బహుమతి బొమ్మలది వేరే లెక్క. మెషీన్‌లో పెట్టే బహుమతి విలువ 800 యెన్‌లకి మించరాదని చాలాకాలం పరిమితి ఉండేది, 2022లో వెయ్యికి పెంచారు. ఆ హద్దులోనే శిల్పులు ఇంత చక్కటి ముక్కూ కళ్లూ తీర్చడం నాకు ఆశ్చర్యమే. గెలిచినవాళ్లు తెచ్చి అమ్మేస్తారు, అందుకే వెయ్యి, రెండు వేల యెన్‌లకే దొరుకుతాయి. నకిలీ కాదు, తక్కువదీ కాదు.

ఈ కొట్ల చీటీలు చదవడం నేర్చుకోవాలి. 'మికైఫూ' అంటే సీలు తియ్యనిది. 'హకో ఇతామి' అంటే పెట్టె నలిగింది, బొమ్మ బాగానే ఉందని. 'జంకు' అంటే పనిచేస్తుందని హామీ లేదు, వాపసూ లేదు. వేలుగోరంత మరకనైనా అమ్మేవాడే ముందు చెప్తాడు. యెన్ పడిపోయాక విదేశీయులు పెట్టెలకి పెట్టెలు పట్టుకుపోవడం వల్ల పాత గేముల అరలు పలచబడ్డాయి, ధరలు పెరిగాయి. అక్కడి కుర్రాడు తన చిన్నప్పటి ఆట తానే కొనుక్కోలేని రోజు రావడం నాకు బాధగా ఉంది. సంచి నింపుకోకుండా ఒకటీ రెండూ తెచ్చుకోవడమే న్యాయమనిపించింది.

ఇంటికొచ్చాక, జంకు బుట్టలో దొరికిన గేమ్‌బాయ్ కలర్‌లో రెండు పెన్సిల్ సెల్స్ వేశాను. గేమ్‌బాయ్ ఏ దేశం క్యాసెట్‌నైనా చదువుతుంది. మా వాడు తంజిరోని టీవీ పక్కన నిలబెట్టి వచ్చి నా భుజం మీంచి చూశాడు. ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకునేందుకు ఆ క్యాసెట్ లోపల బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. అది ఎప్పుడో అయిపోయింది. ఆ పిల్లవాడు ఎక్కడిదాకా ఆడాడో తెలుసుకునే దారి లేదు. తెరమీద కొనసాగించమనే వరుస రాలేదు, మొదటి నుంచి మొదలుపెట్టమనే వరుసే పైన వచ్చింది. "పేరు ఏం పెడదాం మామయ్యా?" అన్నాడు వాడు. క్యాసెట్ బయటికి తీసి, వెనకున్న నాలుగు అక్షరాలూ మళ్లీ చూశాం.