చెత్తదిబ్బ కింద నీళ్లు, పటాన్‌చెరు నీళ్లు

బుకిట్ పంజాంగ్‌లో ఉండే మన సోదరులు సెలవు రోజు సాయంత్రం పాంగ్ సువా చెరువు దగ్గరకు వెళ్తే, నీటి మీద తేలే మొక్కల మడులు కనిపిస్తాయి. అందానికి పెట్టారనుకుంటాం. అందం సరే, ఆ వేళ్లను అంటుకుని బతికే సూక్ష్మజీవులకు అక్కడ పెద్ద పనే ఉంది. నీటిలోని మురికే వాటికి తిండి!

ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున జరిగిన చోటు సింగపూర్ తూర్పు వైపున్న లోరోంగ్ హాలస్. 1970 నుంచి అక్కడ చెత్త పోశారు. బుకిట్ పంజాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలు మొదలైన 1999లోనే, మార్చి 31న ఆ దిబ్బను మూసేశారు. మూస్తే మాత్రం ఏమవుతుంది? వాన కురిసిన ప్రతిసారీ నీరు చెత్తలోకి దిగి, మురుగు ఊటై కింద పారుతుంది. పక్కనున్న సెరంగూన్ నదిని మంచినీటి జలాశయం చేయాలనుకున్నప్పుడు ఈ ఊటే చిక్కయింది. అందుకని భూమిలో లోతుగా అడ్డుగోడ దించి, ఊటను ఒకచోటికి పట్టి, రెల్లు మడుల గుండా, చెరువుల గుండా నడిపించారు. 2011లో లోరోంగ్ హాలస్ వెట్‌ల్యాండ్ ప్రారంభమైంది.

ఇందులో మంత్రమేమీ లేదు. మన ఊళ్లో పెంటకుప్ప ఎరువుగా మారేది ఈ జీవులవల్లే. వాటికి తేమ కావాలి, గాలి కావాలి, సమయం కావాలి. రెల్లు వేళ్లు మట్టిలోకి గాలిని చేరవేస్తాయి. అయితే సీసం, పాదరసం లాంటి లోహాలను అవి తిని మాయం చేయలేవు, రూపం మార్చగలవంతే.

మరి మన దగ్గర? పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చాక నక్కవాగు, చుట్టుపక్కల బావులు పాడయ్యాయి. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్ రావు దశాబ్దాల తరబడి దీనిమీద పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా పెట్టారు. అక్కడ పనిచేసేదీ సూక్ష్మజీవులే. కానీ 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన లెక్క చూడండి: శుద్ధి అయి బయటకు వచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్! అంటే రోజుకు సుమారు 45 కిలోల మందు వాగు పాలు.

సిప్రోఫ్లోక్సాసిన్ సూక్ష్మజీవులను చంపే మందు. మురికి తినాల్సిన జీవుల ముందు విషం పెడితే అవేం చేస్తాయి? కొన్ని చచ్చాయి. తట్టుకున్నవి ఆ మందుకు లొంగని రకాలయ్యాయి. వాగు అడుగు మట్టిలో అలాంటి జన్యువులు దండిగా ఉన్నట్టు తర్వాతి పరిశోధనల్లో తేలింది.

లోరోంగ్ హాలస్‌లో ముందు చెత్త పోయడం ఆపారు, ఆ తర్వాతే రెల్లు నాటారు. పటాన్‌చెరులో పైనుంచి పోస్తూనే కింద కడగమన్నారు.